హనుమకొండలో మూడు పూటలా బయటే తినేవారికి: చోటు కంటే వేళ ముఖ్యం

ఆదిలాబాద్ నుంచి బదిలీ మీద వచ్చి సుబేదారిలో ఒంటరిగా ఒక గదిలో ఉంటున్నారనీ, పొద్దుటి టిఫిన్ మొదలుకొని రాత్రి భోజనం దాకా బయటే కానిస్తున్నారనీ, రెండు నెలల్లో మూడుసార్లు కడుపు చెడిందనీ రాశారు. బండి మీద తినడం పూర్తిగా మానేసి పెద్ద రెస్టారెంట్లకే వెళ్లాలా, ఏదైనా మెస్‌లో నెలకు డబ్బు కట్టేయాలా, బ్యాంకు మిత్రులతో కలిసి వెళ్లినప్పుడు బిల్లులో వేసే సర్వీసు చార్జీ కట్టి తీరాలా అని మూడు ప్రశ్నలు అడిగారు. నేను నయీంనగర్ వైపు 19 ఏళ్లు మెస్ నడిపాను. మూడేళ్ల కిందట మోకాళ్లు మొరాయించడంతో దానిని మూసివేసి, ఇప్పుడు మీలాగే బయట తినేవాడినయ్యాను. పెట్టినవాడిగానూ తిన్నవాడిగానూ నాకు తెలిసింది రాస్తున్నాను.

ఎవరైనా కడుపు చెడిందని చెబితే, వారు ఏ చోట తిన్నారని నేను ముందుగా అడగను. ఎన్ని గంటలకు తిన్నారు, ఆ వంటకం ఆ పొయ్యి మీది నుంచి ఎన్ని గంటలకు దిగింది అని అడుగుతాను. బండి మీద ఉదయం ఏడున్నరకు తిన్న ఇడ్లీకీ, అదే బండి మీద పదిన్నరకు తిన్న ఇడ్లీకీ ఉన్న తేడా, బండికీ ఏసీ రెస్టారెంటుకూ ఉన్న తేడా కంటే పెద్దది. బండి మీద వంట మీ కళ్ల ముందే జరుగుతుంది, మిగిలినది దాచుకోవడానికి అతని దగ్గర ఫ్రిజ్ లేదు కాబట్టి ఆ పూట తెచ్చిన సరుకు ఆ పూటే అమ్ముడుపోయేటట్లు చూసుకుంటాడు. పెద్ద రెస్టారెంటులో ఫ్రిజ్ ఉంటుంది, ఆ ఫ్రిజ్‌లో రెండు మూడు రోజుల గ్రేవీ కూడా ఉండవచ్చు. అందువల్ల మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: బండిని మానవలసిన పని లేదు, రెస్టారెంటు అయినంత మాత్రాన నమ్మవలసిన పనీ లేదు.

ఈ సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఒక మే నెలలో, పరీక్షలు ముగిసి పిల్లలు ఊళ్లకు వెళ్లిపోతున్న వారంలో, నా లెక్క తప్పి మధ్యాహ్నం వండిన అన్నం చాలా మిగిలింది. పారేయడానికి మనసొప్పక, దానిని అదే గంగాళంలో మూతపెట్టి ఉంచి, సాయంత్రం ఏడు గంటలకు నెయ్యి, జీలకర్ర తాలింపు పెట్టించి జీరా రైస్ అని వడ్డించాను. పొగలు కక్కే వేడితోనే వడ్డించాను. రాత్రి పది గంటలకల్లా తొమ్మిది మంది పిల్లలకు వాంతులు మొదలయ్యాయి. వాళ్లను చూసిన డాక్టరమ్మ నన్ను పిలిచి కూర గురించి గానీ నూనె గురించి గానీ అడగలేదు. అన్నం ఎప్పుడు వండారు, ఎక్కడ ఉంచారు అని రెండే మాటలు అడిగింది.

ఆమె చెప్పినది ఇది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు సహజంగానే ఉంటాయి, అవి అన్నం ఉడికే వేడికి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉండిపోతే అవి మేల్కొని పెరిగి, ఒక విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఆహారాన్ని 60 డిగ్రీలకు పైన వేడిగా గానీ, 5 డిగ్రీలకు లోపల చల్లగా గానీ ఉంచమని చెప్పేది ఇందుకే. మధ్యలో ఉన్న వేడి బ్యాక్టీరియాకు అనుకూలమైనది, మన వరంగల్ ఎండాకాలమంతా ఆ మధ్యలోనే ఉంటుంది. పెద్ద గంగాళంలో కుదించి మూతపెట్టిన అన్నం నడిమిభాగం సాయంత్రం దాకా చల్లబడదు. వేడిగా ఉంది కదా, తినవచ్చు అన్న నమ్మకం ఆ రోజుతో నాకు పోయింది. ఆ తరువాత మిగిలిన అన్నాన్ని రెండు గంటలు దాటనివ్వకుండా హమాలీలకూ వాచ్‌మన్లకూ పెట్టేయడం అలవాటు చేసుకున్నాను.

ఇక వేళలను ఎట్లా పట్టుకోవాలన్నది. వరంగల్, హనుమకొండ, కాజీపేట అనే మన మూడు ఊళ్లలో ఒక్కొక్క ప్రాంతపు గిరాకీ ఒక్కొక్క గంటకు కట్టుబడి ఉంటుంది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజనులో రైతులు రాత్రే బస్తాలతో వచ్చి యార్డులోనే పడుకుంటారు కాబట్టి అక్కడి బండ్లు తెల్లవారుజామునే జోరుగా ఉండి, పొద్దెక్కేసరికి ఖాళీ అవుతాయి. కాజీపేట జంక్షన్, వరంగల్ స్టేషన్ దగ్గరి హోటళ్లు రైళ్లను బట్టి నడుస్తాయి. ఎంజీఎం ఆసుపత్రి ఎదుట రోగుల వెంట వచ్చినవాళ్లు వేళాపాళా లేకుండా తింటారు కాబట్టి ఆ వరుసలో వంట రోజంతా తిరుగుతూనే ఉంటుంది. పైకి చూడడానికి అంత ఇంపుగా ఉండని ఆ హోటళ్లలో నేను నిశ్చింతగా తిన్న భోజనాలు ఎన్నో ఉన్నాయి. అదాలత్ దగ్గర కోర్టు పని మీద వచ్చేవారి భోజనం పన్నెండున్నర నుంచి రెండు లోపల అయిపోతుంది. మూడు గంటలకు అక్కడికి వెళితే మీకు దొరికేది అడుగు. కేయూ క్రాస్ రోడ్డు వైపూ, నిట్ వైపూ సాయంత్రం ఆరు తరువాత ఊపందుకుంటుంది, కాలేజీలకు సెలవులు ఇచ్చిన రోజుల్లో మాత్రం అవే చోట్లు నమ్మదగినవి కావు. నా జీరా రైస్ కథ అందుకు సాక్ష్యం.

టిఫిన్‌లో ఇడ్లీకి భయపడనక్కర లేదు. పిండి కొంచెం పులిసినా, ఆవిరి మీద పది పన్నెండు నిమిషాలు ఉడికి మీ ప్లేటులోకి వచ్చిన ఇడ్లీ వల్ల కడుపు చెడడం అరుదు. ఎండాకాలంలో పిండి అయిదారు గంటల్లోనే పులిసిపోతుంది కాబట్టి పుల్లగా తగిలితే అది రుచిలోని లోపమే. చూడవలసినది చట్నీని. పల్లీలు వేయించి, పచ్చిమిర్చి, చింతపండు, ఉప్పు వేసి తెల్లవారుజామున నాలుగున్నరకు గ్రైండర్‌లో తిప్పుతారు. ఆ తరువాత దాని మీద తాలింపు పడుతుందే గానీ, ఆ చట్నీ మళ్లీ పొయ్యి ఎక్కదు. పది గంటలకు బకెట్టు అడుగుకు చేరుతుంది, గిరాకీ ఇంకా ఉంటుంది, అప్పుడు అందులో ఒక చెంబు నీళ్లు పోసి, చారెడు ఉప్పు వేసి కలుపుతారు. ఆ నీళ్లు కాచినవి కావు. నేనూ పోశాను, పోయనివాడిని నేను చూడలేదు. కొబ్బరి కలిసిన చట్నీ అయితే ఇంకా త్వరగా పాడవుతుంది.

కాబట్టి తొమ్మిది లోపల తింటే పల్లి చట్నీ వేయించుకోండి. తొమ్మిదిన్నర దాటితే కారప్పొడి, నెయ్యి అడగండి, లేదా అల్లం చట్నీ అడగండి. చింతపండు, బెల్లం, కారం దండిగా పడిన అల్లం చట్నీ పల్లి చట్నీ కంటే ఎక్కువసేపు నిలుస్తుంది. సాంబారు పొయ్యి మీద మరుగుతూ ఉంటే తీసుకోండి, స్టీలు బకెట్టులో వేలు ముంచగలిగినంత వేడితో ఉంటే వదిలేయండి. ప్లేటు మీద పాలిథిన్ కాగితం పరిచి దాని మీద వేడి ఇడ్లీ వేసే బండ్లు మన దగ్గర ఎక్కువ. కడగడానికి నీళ్లు చాలవు కాబట్టి వాళ్లు అట్లా చేస్తారు. మోదుగాకు ఇస్తారిలో పెట్టే బండి కనిపిస్తే నేను పది అడుగులు ఎక్కువ నడిచి అక్కడికే వెళతాను.

మధ్యాహ్న భోజనానికి మెస్‌లో కట్టడం మంచిదే, అయితే నెల మొత్తానికి ఒకేసారి కట్టవద్దు. ఏ మెస్ మంచిదో తెలుసుకోవడానికి ఒక ఉపాయం చెబుతాను. ఒకరోజు పన్నెండుంపావుకు వెళ్లి ఏమేమి వండారో చూడండి. మరొకరోజు రెండున్నరకు వెళ్లండి. రెండున్నరకు కూడా అన్ని కూరలూ నిండుగా కనిపిస్తే సంతోషపడవద్దు, అవి పొద్దున పది గంటలకు వండినవి. "పప్పు అయిపోయింది సార్, అయిదు నిమిషాలు ఆగండి, టమాట పప్పు పెడుతున్నాం" అని గానీ, "ఈ పూటకు బెండకాయ అయిపోయింది, కోడిగుడ్డు వేసి ఇస్తాను" అని గానీ చెప్పే మెస్‌లో టోకెన్ల పుస్తకం కొనండి. అయిపోయింది అని చెప్పగలిగిన యజమాని లెక్క ప్రకారం వండుతున్నాడు. ఆరు రకాల కూరలు పేర్చిన మెస్ కంటే ఒక పప్పు, ఒక వేపుడు, ఒక పులుసుతో సరిపెట్టే మెస్ మేలు, ఎందుకంటే ఆరింటిలో రెండు రోజూ మిగులుతాయి, మిగిలినవి ఎక్కడికీ పోవు.

అన్నం గురించి రెండు మాటలు. కొంచెం తినగానే పొట్ట బరువెక్కిందంటే హోటలన్నంలో సోడా వేశారని జనం అనుకుంటారు. చాలాసార్లు సంగతి బియ్యంలోనే ఉంటుంది. మెస్‌వాళ్లు కనీసం ఆరు నెలలు మాగిన పాత బియ్యాన్నే కోరి కొంటారు, అది పొడిపొడిగా ఉడుకుతుంది, ఎక్కువ అన్నం అవుతుంది. వానాకాలం పంట ఆడించి డిసెంబరు, జనవరిలో కొత్త బియ్యం చవకగా దొరికినప్పుడు కొందరు దానికి మారతారు, అప్పుడు అన్నం ముద్దవుతుంది. అటువంటి రోజుల్లో తక్కువ పెట్టించుకోండి. మన రాష్ట్రంలో 2015లో విడుదలైన తెలంగాణ సోనా రకం సన్నగా, తేలికగా ఉంటుంది. దానిని వాడే మెస్‌లు కొన్ని ఉన్నాయి, అడిగితే గర్వంగా చెబుతారు కూడా.

భోజనంలో పొయ్యి ఎక్కని పదార్థాలు మూడు ఉంటాయి, వాటిని మాత్రం అనుమానించండి. మొదటిది పచ్చిపులుసు. అది మనకు ప్రాణమే, నేను కాదనను, కానీ చింతపండు పిసికిన నీళ్లు కాచినవి కావు, ఉల్లిగడ్డ ఎప్పుడో తరిగినది. ఇంట్లో తినండి, పండుగకు ఎవరైనా పిలిస్తే తినండి. రెండవది మజ్జిగ, దాని బదులు గట్టి పెరుగు ఒక కప్పు తీసుకోండి. మూడవది పక్కన పెట్టే ఉల్లి, నిమ్మ, కీర ముక్కలు. జగ్గులోని నీళ్ల సంగతి చెప్పనక్కర లేదు, సీసా వెంట తీసుకువెళ్లండి. చెరకు రసంలోనూ షర్బత్‌లోనూ వేసే ఐసు దిమ్మెల నుంచి పగలగొట్టినది. ఐసు వద్దని ముందే చెప్పండి.

సాయంత్రం బజ్జీల దగ్గరికి వద్దాం. మిర్చి బజ్జీ, మక్క గారెలు మీ కళ్ల ముందే మరిగే నూనెలోంచి దిగుతాయి కాబట్టి వాటితో వాంతులు, విరేచనాలు పట్టుకునే అవకాశం తక్కువ. చిక్కు నూనెతోనే. వేయించిన కొద్దీ నూనె విరిగి అందులో పోలార్ పదార్థాలు అనేవి పెరుగుతాయి, అవి 25 శాతం దాటిన నూనెను వాడరాదని దేశమంతటా 2018 జూలై 1 నుంచి నిబంధన ఉంది. మీ దగ్గర కొలిచే పరికరం ఉండదు కాబట్టి కంటితోనే చూడాలి. బజ్జీ వేయకముందే నూనె మీద సన్నని నురగ నిలిచి ఉన్నా, మూకుడు అంచున జిగురు కట్టినా, పొయ్యి చిన్నగా ఉన్నప్పుడు కూడా పొగ వస్తున్నా, అది నిన్నటి నూనె. రాత్రంతా గొంతులో మంట అనిపిస్తే మిర్చిని తిట్టవద్దు, నూనెను తిట్టండి. బజ్జీలను వార్తాపత్రికలో చుట్టి ఇవ్వబోతే మీ డబ్బా ముందుకు చాపండి. సిరాలోని రంగులూ సీసమూ నూనెతో కలిసి తినే పదార్థంలోకి దిగుతాయి, ఆహార భద్రతా సంస్థ కూడా దానిని వద్దని చెప్పింది.

మీలాంటి ఒంటరివారు ఎక్కువగా వెళ్లేది చైనీస్ ఫాస్ట్‌ఫుడ్ బండి. ఎగ్ రైస్, చికెన్ రైస్, నూడుల్స్. ఇక్కడ నా పాత పాఠం మళ్లీ వర్తిస్తుంది. వేడి అన్నంతో ఫ్రైడ్ రైస్ చేస్తే ముద్దవుతుంది కాబట్టి వాళ్లు సాయంత్రం నాలుగింటికే అన్నం వండి ఆరబెట్టుకుంటారు. వెడల్పాటి పళ్లెంలో పలుచగా ఆరబెట్టేవాడు పని తెలిసినవాడు. టబ్బులో కుప్పగా పోసి తడిగుడ్డ కప్పేవాడి దగ్గర ఏడున్నర లోపల తినండి, పదిన్నరకు తినవద్దు. పెనం ఎంత ఎర్రగా మండినా, మంట ఎంత ఎత్తు లేచినా, ఆరు గంటలు గోరువెచ్చగా ఉన్న అన్నానికి అది మందు కాదు. ఆ వేళకు ఆకలైతే పక్క బండి మీద ఆమ్లెట్ వేయించుకోండి. షవర్మా, మోమోలతో ఇచ్చే తెల్లని మయోనీజ్‌ను నేను ముట్టుకోను. పచ్చి కోడిగుడ్డుతో చేసిన మయోనీజ్‌ను మన ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది, ఆ నిషేధానికి కారణమైన ప్రమాదం నిషేధపు గడువుతో ముగిసిపోయేది కాదు.

మాంసాహారం విషయంలో గంటతో పాటు వారాన్నీ, మాసాన్నీ కూడా చూడాలి. దీనిని ఎవరూ చెప్పరు, అందుకని కొంచెం వివరంగా చెబుతాను. మన వైపు సోమవారం, శనివారం మాంసం ముట్టని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. శ్రావణంలోనూ కార్తీకంలోనూ ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. మెస్‌లో నా లెక్క ప్రకారం శ్రావణ మాసపు శనివారం నాడు చికెన్ గిరాకీ మామూలులో మూడో వంతుకు పడిపోయేది. మెనూలో మాత్రం తలకాయ కూర, బోటి, మటన్ ఫ్రై యథావిధిగా ఉంటాయి. శుక్రవారం మిగిలిన మటన్ శనివారం వస్తుంది, శనివారం మిగిలినది ఆదివారం కొత్తదానిలో కలుస్తుంది. ఆ మాసాల్లో బయట మటన్ మానేయండి, తినాలనిపిస్తే ఆదివారం మధ్యాహ్నం బాగా రద్దీ ఉన్న చోట రెండో విడత వండిన వేళకు వెళ్లండి. అక్టోబరు 2న మాంసం దుకాణాలు మూస్తారు, ఆ రోజు హోటల్‌లో దొరికే మాంసం మొన్నటిదో నిన్నటిదో అయి ఉండాలి. రంజాన్ మాసంలో మండిబజారులో హలీం సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ సాయంత్రం ఇఫ్తార్ వేళకు భట్టీ మీది నుంచి నేరుగా గిన్నెలోకి వస్తుంది, రద్దీ వల్ల నిలవ ఉండే ప్రసక్తే లేదు.

రొయ్యల జోలికి, సముద్రపు చేపల జోలికి పోవద్దు, మనకు సముద్రం చాలా దూరం. చెరువు చేపలు తినండి. బొచ్చ, రోహు, దొరికితే కొర్రమీను; కొర్రమీను మన రాష్ట్ర చేప కూడా, బజారులో ప్రాణంతోనే అమ్ముతారు. మృగశిర కార్తె ప్రవేశించిన రోజు ఊరంతా చేపలే తింటుంది, ఆ రోజు ధర మండుతుంది గానీ సరుకు తాజాగా ఉంటుంది.

బిర్యానీకి ప్రత్యేకంగా వేళ ఉంది. దమ్ వేసిన మొదటి హండీ పన్నెండు, పన్నెండున్నర మధ్య తెరుస్తారు, రద్దీని బట్టి ఒంటిగంటన్నరకు మరొకటి తెరుస్తారు. సాయంత్రపు హండీ ఏడుకో ఏడున్నరకో వస్తుంది. నాలుగు నుంచి ఆరున్నర మధ్య మీరు చెప్పే సింగిల్ బిర్యానీ మధ్యాహ్నపు హండీ అడుగుదే, దానినే ఆవిరి పట్టించి ఇస్తారు. కౌంటర్ దగ్గర "కొత్త హండీ ఎప్పుడు తెరుస్తారు?" అని అడగడానికి మొహమాటపడవద్దు. ఆ ప్రశ్న వినగానే వీడికి సంగతి తెలుసని వాళ్లకు అర్థమవుతుంది, నిజమే చెబుతారు.

చికెన్ 65, తందూరీ కోడి గులాబీ ఎరుపులో మెరుస్తుంటే అది కారం తెచ్చిన రంగు కాదు. కూరల్లో, కబాబుల్లో, బిర్యానీలో కృత్రిమ రంగులు కలపరాదు. మన దగ్గరే పండే చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కారం తక్కువ, రంగు ఎక్కువ ఉన్న మిర్చి అది, దాని పొడితో వచ్చే ఎరుపు కొంచెం ఇటుక రంగులోకి తిరుగుతుంది, చేతికి అంటినా సబ్బుతో పోతుంది. ఎనుమాముల పక్కనే పెట్టుకొని రంగు డబ్బా కొనేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

రెస్టారెంటుకు వెళ్లినప్పుడు 200 రకాలున్న మెనూను మొదటి నుంచి చివరి దాకా చదవడం దండుగ. చుట్టుపక్కల బల్లల మీద ఏముందో చూసి అదే చెప్పండి. ఎవరూ చెప్పని వంటకం కోసం తెచ్చిన సరుకు ఫ్రిజ్‌లో ఎన్నాళ్ల నుంచి ఉందో మీకు తెలియదు. పనీర్ కూరలు నాలుగు పేర్లతో ఉంటాయి, నాలుగూ సాధారణంగా ఒకటి రెండు బేస్ గ్రేవీల నుంచే పుడతాయి. తందూరీ రొట్టె, పప్పు తడ్కా, బాగా అమ్ముడుపోయే చికెన్ కూర ఒకటి, నలుగురికి అవి చాలు.

బిల్లు సంగతి. రెస్టారెంటు భోజనం మీద జీఎస్టీ 5 శాతం. 2017 నవంబరు 15 నుంచి ఏసీ ఉన్నా లేకున్నా అంతే. స్టార్ హోటళ్ల లోపలి రెస్టారెంట్ల లెక్క వేరు. పన్ను వేసిన బిల్లు మీద 15 అంకెలు, అక్షరాలతో జీఎస్టీ నంబరు ఉండాలి, తెలంగాణది అయితే అది 36తో మొదలవుతుంది. నంబరు లేకుండా పన్ను వసూలు చేసే హక్కు ఎవరికీ లేదు. అమ్మకాల మీద తానే తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న హోటల్ కూడా మీ దగ్గర పన్ను విడిగా వసూలు చేయరాదు. బిల్లు మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల నంబరు ముద్రించాలని 2022 జనవరి 1 నుంచి నిబంధన ఉంది. మీరు బ్యాంకువారు, ఈ నంబర్లు చూడడం మీకు కష్టం కాదు.

సర్వీసు చార్జీ పన్ను కాదు, ప్రభుత్వానికి పోదు. దానిని బిల్లులో తమంతట తాము కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. కట్టడం మీ ఇష్టం. నిరుడు మా అల్లుడు తీసుకువెళ్లిన ఒక రెస్టారెంటులో 10 శాతం సర్వీసు చార్జీ వేసి, దానిని కూడా కలిపిన మొత్తం మీద జీఎస్టీ లెక్కకట్టారు. మేనేజరును పిలిచి, ఇది తీసి కొత్త బిల్లు ఇవ్వండి అని మెల్లగా అడిగాను, అయిదు నిమిషాల్లో ఇచ్చాడు. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు. తీసేసిన ఆ డబ్బులో కొంత వడ్డించిన పిల్లవాడి చేతికి ఇచ్చి వచ్చాను. సర్వరుకు చేరేది చేతికి ఇచ్చిందే, బిల్లులో వేసింది చేరుతుందని నాకు నమ్మకం లేదు.

రాత్రి భోజనానికి మీ గదిలో ఒక చిన్న రైస్ కుక్కర్ పెట్టుకోండి. వంట చేసుకునే వీలు లేదన్నారు, కరెంటు ప్లగ్గు ఉంటే అన్నానికి చాలు. గుప్పెడు బియ్యం కడిగి పెట్టి, కర్రీ పాయింటుకు నడిచి వెళ్లి వచ్చేసరికి అన్నం అవుతుంది. బయటి అన్నపు చిక్కంతా ఈ ఒక్క పనితో తీరుతుంది. కర్రీ పాయింటులో వంట రోజుకు రెండుసార్లు ఉంటుంది, రెండో విడత సాయంత్రం ఆరు, ఆరున్నరకు బయటికి వస్తుంది. పప్పు, చారు, ఆకుకూర ఏవైనా తీసుకోండి. పొద్దుటి వేపుడును రాత్రి గ్రేవీలో కలిపే అలవాటు కొన్ని చోట్ల ఉంది కాబట్టి వేపుడు ముక్కలు తేలే పులుసు కూరలు వద్దు. మరిగే చారును పలుచని ప్లాస్టిక్ కవరులో పోయించుకోకుండా స్టీలు డబ్బా తీసుకువెళ్లండి. డబ్బాతో వచ్చేవారికి ఒక గరిటె ఎక్కువ పడుతుంది, కవరు ఖర్చు మిగులుతుంది కదా, నేనూ వేసేవాడిని.

మీకు కడుపు చెడిన ఆ మూడు రోజుల్లో ఏమి తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో, ఎంతసేపటికి బాధ మొదలైందో గుర్తుంటే రాయండి. రెండు మూడు గంటల్లోనే వాంతులైతే అన్నమో నూడుల్సో అని నేను అనుమానిస్తాను, మరునాడు విరేచనాలు, జ్వరం వస్తే నీళ్ల వైపు, చట్నీ వైపు, సరిగా ఉడకని కోడి వైపు చూస్తాను. జ్వరం తగ్గకపోయినా, మలంలో రక్తం కనిపించినా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.